హెమింగ్వే ‘సోల్జర్స్ హోమ్’: క్రెబ్స్ పోరాటం ఎక్కడుంది? గెలిచాడా, ఓడాడా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డిగ్రీ ఆఖరి ఏడాది, సిలబస్‌లో హెమింగ్వే కథ ‘సోల్జర్స్ హోమ్’ ఉంది, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు స్వతంత్రం కోసం చేసే పోరాటం అనే కోణంలో వ్యాసం రాయమన్నారు. మీకేమో క్రెబ్స్ పొద్దెక్కేదాకా పడుకోవడం, వరండాలో కూర్చుని పుస్తకం చదువుకోవడం తప్ప ఎక్కడా పోరాడినట్టు కనిపించలేదు, పైగా కన్నతల్లితో నీ మీద ప్రేమ లేదని మొహం మీదే అనేశాడు. ఇందులో పోరాటం ఏముంది, చివరికి గెలిచినట్టా ఓడినట్టా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. క్రెబ్స్ కోరుకునే స్వతంత్రం అంటే అబద్ధం ఆడాల్సిన అవసరం లేకుండా బతకడం. ఆ ఊళ్లో, ఆ ఇంట్లో అతనికి దొరికే ప్రతిదానికీ ఒక అబద్ధం చొప్పున చెల్లించాలి. నలుగురు తన మాట వినాలన్నా, ఒక అమ్మాయితో స్నేహం కావాలన్నా, అమ్మ పెట్టే టిఫిన్ ప్రశాంతంగా తినాలన్నా అంతే. ఆ ధర అడిగిన ప్రతిచోటా అతను ఒక అడుగు వెనక్కి వేస్తాడు. మనకి సోమరితనంలా కనిపించేది ఆ వెనకడుగే. చివర్లో ఇల్లు వదిలి వెళ్లిపోదామని తేల్చుకుంటాడు, ఆ లెక్కన గెలుపే. కానీ ఆ నిర్ణయానికి కాస్త ముందే అమ్మకి అబద్ధం చెప్పేశాడు. నన్నడిగితే ఓటమి పాలే ఎక్కువ. ఎందుకో వివరంగా రాస్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఈ కథని రెగ్యులర్ పిల్లలకీ చెప్పాను, ఆదివారాలు జరిగే దూరవిద్య కాంటాక్ట్ క్లాసుల్లోనూ చెప్పాను. ఆ కాంటాక్ట్ క్లాసుల్లో ఆర్మీ నుంచి రిటైరై వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఎప్పుడూ ఉండేవాళ్లు, ఎక్స్‌సర్వీస్‌మెన్ కోటాలో కొన్ని ఉద్యోగాలకి రాయాలంటే డిగ్రీ కావాలి కాబట్టి. ఇరవై ఏళ్ల పిల్లలు ఈ కథ చదివే తీరు వేరు, వాళ్లు చదివే తీరు వేరు. నేను ఇక్కడ చెప్పేదాంట్లో కొంత వాళ్ల దగ్గర విన్నదే.

కథ మీకు తెలుసు, అయినా తేదీలు ముఖ్యం కాబట్టి ఒకసారి గుర్తు చేస్తాను. హెరాల్డ్ క్రెబ్స్ అమెరికాలోని కాన్సాస్‌లో ఒక మెథడిస్ట్ (ఒక క్రైస్తవ శాఖ) కాలేజీలో చదువుతూ, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1917లో మెరీన్స్‌ అనే అమెరికన్ సైనిక దళంలో చేరాడు. బెలో వుడ్, స్వాసాన్, షాంపేన్, సాన్ మియెల్, ఆర్గాన్, ఇవన్నీ చూసొచ్చాడు, అంటే 1918లో ఫ్రాన్స్‌లో అమెరికన్లు దిగిన గట్టి యుద్ధాల్లో చాలావాటిలో ఉన్నాడు. ఆ ఏడాది నవంబరు 11న కాల్పులు ఆగిపోయాయి. కానీ అతని సెకండ్ డివిజన్‌ని జర్మనీలో రైన్ నది దగ్గర ఉంచేశారు, అందుకని 1919 వేసవిలో గానీ ఓక్లహోమాలోని సొంతూరికి చేరలేదు. ముందొచ్చినవాళ్లకి స్వాగతాలూ హడావుడీ అన్నీ అప్పటికి అయిపోయాయి. ఇప్పుడొచ్చాడేంటి, యుద్ధం ఎప్పుడో అయిపోయిందిగా అన్నట్టు చూస్తారు ఊళ్లో. కథ అంతా ఈ ఆలస్యం మీదే నడుస్తుంది, వ్యాసంలో దీన్ని మాత్రం మర్చిపోవద్దు.

మొదటి అబద్ధం పూల్ రూమ్‌లో, అంటే బిలియర్డ్స్ లాంటి ఆట ఆడుకునే చోట. మొదట్లో అతనికి యుద్ధం గురించి మాట్లాడాలనిపించదు. తర్వాత మాట్లాడాలనిపించేసరికి వినేవాళ్లు లేరు. ఊరి జనం అప్పటికే శత్రువుల దురాగతాల కథలు విని విని ఉన్నారు, ఆర్గాన్ అడవిలో జర్మన్ ఆడవాళ్లని మెషిన్‌గన్‌లకి గొలుసులతో కట్టేశారని కూడా విన్నారు. అలాంటివి విన్న చెవులకి నిజం చప్పగా ఉంటుంది. దాంతో వేరేవాళ్లు చేసినవీ చూసినవీ తను చేసినట్టు, చూసినట్టు చెప్పడం మొదలుపెడతాడు. పెద్ద అబద్ధాలు కూడా కావు, సైనికులందరికీ తెలిసిన చిన్నచిన్న కల్పనలే. తమాషా ఏంటంటే అవి కూడా పూల్ రూమ్‌లో ఎవరికీ ఆనలేదు.

దీనివల్ల అతనికి పోయిందేమిటో చాలామంది పిల్లలు గమనించరు. పరువు పోలేదు, ఎవరూ అతన్ని పట్టుకుని నిలదీయలేదు. పోయింది లోపలి ఆస్తి. యుద్ధంలో కొన్ని సందర్భాల్లో, వేరేలా చేసే వీలున్నా, మగవాడిగా ఆ క్షణంలో ఏది చేయాలో అదే తడబడకుండా చేశాడు. ఆ క్షణాలు తలుచుకుంటే లోపల చల్లగా, తేటగా ఉండేది. అబద్ధాలు చెప్పాక ఆ చల్లదనం పోయింది, ఆ తర్వాత ఆ జ్ఞాపకాలే పోయాయి. అతిశయోక్తి వల్ల కలిగే ఒక రకమైన వికారం పట్టుకుంది. ఎప్పుడైనా ఏ డాన్సుకో వెళ్లినప్పుడు డ్రెస్సింగ్ రూమ్‌లో నిజంగా యుద్ధం చూసినవాడు తగిలితే, ఇద్దరూ నిజం మాట్లాడుకోవచ్చు కదా, అక్కడా పాత సిపాయిల ధోరణిలోకి జారిపోయి, తను ఎప్పుడూ చచ్చేంత భయపడుతూనే ఉన్నానని చెబుతాడు. అదీ అబద్ధమే. ధైర్యం గురించి కోతలు కోయడం మనకి తెలుసు, భయం గురించి కూడా కోతలు కోయొచ్చని హెమింగ్వే చూపించాడు. ఒక మనిషి స్వతంత్రంగా నిలబడటానికి కావలసిన పెట్టుబడి అతని దగ్గర ఉంది, దాన్ని ఊరి మెప్పు కోసం ఖర్చుపెట్టేశాడు. మీ వ్యాసానికి ఇది వెన్నెముక అవుతుంది.

కాంటాక్ట్ క్లాసులో ఒకాయన ఉండేవారు, హవల్దార్‌గా రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ కాలం సామాన్ల స్టోర్‌లోనే గడిచింది, సరిహద్దు చూసింది తక్కువ. ఊరికి సెలవు మీద వస్తే రచ్చబండ దగ్గర మొదటి ప్రశ్న, ఎంతమందిని లేపేశావురా అని. స్టోర్‌లో లెక్కలు రాశానంటే ఎవరు వింటారు? కార్గిల్ అప్పుడు తోటివాళ్లు చెప్పినవి తన పేరుమీద చెప్పేవారట. మొదట్లో సరదాగానే ఉండేది, పోనుపోను ఆ బండ దగ్గరికి వెళ్లాలంటేనే విసుగొచ్చి వేరే సందులోంచి ఇంటికి పోయేవాణ్ణి అన్నారు. కథలో ఆ పూల్ రూమ్ పేరా చదువుతున్నప్పుడు ఆయన ఒక్కరే నవ్వారు, మిగతా క్లాసంతా సీరియస్‌గా నోట్సు రాసుకుంటోంది. క్రెబ్స్‌కి యుద్ధం గురించి మాట్లాడాలంటేనే ఎందుకు విసుగు పుట్టిందో ఆయనకి నేను చెప్పాల్సిన పని పడలేదు.

ఇప్పుడు ఆ వరండాలో చదివే పుస్తకం సంగతి. మీరు దాన్ని సోమరితనం ఖాతాలో వేశారు. అది ఏం పుస్తకమో చూడండి. తను పాల్గొన్న యుద్ధాల చరిత్ర. చదువుతున్నవాటన్నిట్లోకీ అదే బాగుందనుకుంటాడు, ఇంకా మ్యాపులుంటే బాగుండేది అనుకుంటాడు, వివరమైన మ్యాపులతో మంచి చరిత్రలు వస్తే అన్నీ చదవాలని ఎదురుచూస్తాడు. తను మంచి సైనికుడినని అక్కడ ఒక్కచోట నిదానంగా ఒప్పుకుంటాడు. పూల్ రూమ్‌లో పోగొట్టుకున్న నిజాన్ని పుస్తకంలోంచి, మ్యాపులోంచి తిరిగి తెచ్చుకునే పని అది. మ్యాపులో అతిశయోక్తి ఉండదు కదా, కొండ ఉన్నచోటే ఉంటుంది. నా లెక్కలో కథ మొత్తంలో అతను స్వతంత్రంగా, ఇష్టంగా చేస్తున్న పని ఇదొక్కటే, పూల్ ఆడటం, సాయంత్రం క్లారినెట్ వాయించుకోవడం పక్కన పెడితే.

రెండో అబద్ధం అతను చెప్పనిది, చెప్పాల్సొస్తుందని ముందే తెలిసి వద్దనుకున్నది, అమ్మాయిల దగ్గర. ఈ భాగం మీద ఎక్కువ రాయను. ఊళ్లో ఏమీ మారలేదు, చిన్నపిల్లలు పెద్దవాళ్లయ్యారు, అంతే. వాళ్లు వీధి అవతల నడుస్తుంటే వరండాలోంచి చూడటం అతనికి బాగుంటుంది. దగ్గరికి వెళ్లాలంటే మాత్రం ఆ జట్లూ, అలకలూ, ఎత్తుగడలూ, మాటలూ ఇవన్నీ దాటాలి. ఇంక అబద్ధాలాడటం తన వల్ల కాదనుకుంటాడు, దేనికీ పర్యవసానాలు వద్దనుకుంటాడు. ఈ పేరాల్ని ఒకసారి పైకి చదవండి, మనసులో కాదు. ‘వద్దు, అక్కర్లేదు’ అనే ధోరణిలో పొట్టి వాక్యాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. నిజంగా ఏమీ వద్దనుకునేవాడు అన్నిసార్లు చెప్పుకోడు. తన మనసుకి తనే నచ్చజెప్పుకుంటున్నాడు, పూర్తిగా నమ్మట్లేదు కూడా. ఇక్కడ క్రెబ్స్ మాటని యథాతథంగా నమ్మి, ‘అతనికి ఆడవాళ్లంటే ఆసక్తి లేదు’ అని రాస్తే మార్కులు పోతాయి.

ఇక కారు. దీని మీద మీరు కనీసం ఒక పేరా రాయాలి. యుద్ధానికి ముందు ఇంటి కారు తోలడానికి క్రెబ్స్‌కి అనుమతి లేదు. నాన్నది స్థలాల వ్యాపారం, కొనేవాళ్లని పొలాలు చూపించడానికి తీసుకెళ్లాలి కాబట్టి కారు ఎప్పుడూ ఫస్ట్ నేషనల్ బ్యాంక్ భవనం ముందు ఆగి ఉండాలి, పైన రెండో అంతస్తులో ఆయన ఆఫీసు. రెండేళ్ల యుద్ధం అయిపోయి, కొడుకు కార్పొరల్ అయి తిరిగొచ్చాక కూడా అదే కారు, అదే చోటు. నెల రోజుల తర్వాత ఒక పొద్దున్నే అమ్మ గదిలోకొచ్చి, ఏప్రన్ సర్దుకుంటూ, రాత్రి మీ నాన్నతో మాట్లాడాను, సాయంత్రాలు కారు తీసుకెళ్లొచ్చన్నారు అని చెబుతుంది. క్రెబ్స్‌కి వెంటనే అర్థమవుతుంది, నువ్వే ఒప్పించి ఉంటావు అంటాడు.

బయటికి చూస్తే ఇది స్వతంత్రం ఇచ్చినట్టే ఉంటుంది. టిఫిన్ దగ్గర అసలు సంగతి తెలుస్తుంది. ఏం చేద్దామనుకుంటున్నావో తేల్చుకున్నావా, ఏ పనైనా గౌరవమే అంటారు మీ నాన్న, తర్వాత ఆఫీసుకొచ్చి కలవమన్నారు. తాళంచెవులు ఒక చేత్తో, సమన్లు ఇంకో చేత్తో. వరంగా ఇచ్చిన స్వేచ్ఛ ఇచ్చినవాళ్లదే, తీసుకున్నవాడిది కాదు.

ఒకసారి క్లాసులో ఒకమ్మాయి అడిగింది, సర్, కథలో నాన్న ఎక్కడున్నాడు అని. మంచి ప్రశ్న. కథ మొదటినుంచి చివరిదాకా ఆయన ఒక్కసారి కూడా మనముందుకు రాడు. ఆయన అనుమతి, ఆయన అసంతృప్తి, ఆయన హుకుం అన్నీ అమ్మ నోటే వింటాం. ‘మీ నాన్న అడగమన్నారు’ అనే వాక్యం మన ఇళ్లలో ఎంత పాతదో మీకు చెప్పాలా? ఆ క్లాసులో సగంమంది ఇళ్లలో, పిల్లలకి ఇంజనీరింగ్ వద్దట, డిగ్రీ చేస్తారట అని నాన్నకి చెప్పింది అమ్మే. అందుకే ఈ భాగం తెలుగు పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. చివర్లో నాన్న ఆఫీసుకి వెళ్లను, ఆ ఒక్క సీన్ తప్పించుకుంటాను అని క్రెబ్స్ అనుకోవడం ఇక్కణ్ణుంచే వస్తుంది. ఎదురు తిరగలేడు, ఎదురు పడకుండా ఉండగలడు. అతని పోరాటం మొత్తం ఈ పద్ధతిలోనే ఉంటుంది.

ఇప్పుడు ఆ టిఫిన్ సీన్. మీకు కోపం తెప్పించింది ఇదే కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

అమ్మ రెండు వేయించిన గుడ్లు, కరకరలాడే బేకన్ (వేయించిన పందిమాంసం ముక్కలు), బక్‌వీట్ కేకులు తెచ్చిపెడుతుంది. అతను పేపర్ విప్పి నీళ్ల జగ్గుకి ఆనించి చదువుకుంటున్నాడు. పేపర్ నలపొద్దు, నాన్న చదవాలి అని ముందే చెప్పింది. (ఆ పేపర్ కాన్సాస్ సిటీ స్టార్. హెమింగ్వే యుద్ధానికి వెళ్లేముందు కుర్ర రిపోర్టర్‌గా పనిచేసింది అందులోనే.) అమ్మ కళ్లజోడు తీసి కూర్చుని, దేవుడి రాజ్యంలో పనిలేని చేతులు ఉండవు అంటుంది. నేను ఆయన రాజ్యంలో లేను అంటాడు. తర్వాత వేరేవాళ్ల పిల్లాడితో పోలిక వస్తుంది, చార్లీ సిమన్స్‌ది నీ వయసే, ఉద్యోగం వచ్చింది, పెళ్లి కూడా కుదిరింది. ఈ మాటల మధ్యలో క్రెబ్స్ పళ్లెంలో గడ్డకడుతున్న బేకన్ కొవ్వు వైపు చూస్తాడు. హెమింగ్వే అతని మనసులో ఏముందో చెప్పడు, ఆ కొవ్వు చూపిస్తాడు, అంతే. టిఫిన్ చల్లారిపోయింది, మాట మాత్రం ఆగలేదు.

అప్పుడు అమ్మ అడుగుతుంది, నీకు అమ్మంటే ప్రేమ లేదా అని. లేదు అంటాడు. ఆమె ఏడుస్తుంది. నాకెవరి మీదా ప్రేమ లేదు అని సర్దబోతాడు, అది ఇంకా ఘోరంగా వినిపిస్తుంది.

మీరు ఆ ‘లేదు’ని క్రూరత్వం అన్నారు. ఇరవై ఏళ్ల పిల్లలు దాదాపు అందరూ అదే అంటారు. నేను దాన్ని ఇలా చదువుతాను: అబద్ధం వల్ల తనకి పోయిందేమిటో తెలిసినవాడు, ఒక సూటి ప్రశ్నకి ఒక్కసారి సూటిగా జవాబు చెప్పి చూశాడు. అతను ఆ ఇంట్లో పైకి చెప్పిన పూర్తి నిజం అదే, దేవుడి రాజ్యం మాట తర్వాత. దాని ఫలితం ఏంటో వెంటనే చూశాడు. నేను అలా అనలేదు, ఏదో కోపంలో అన్నాను అని వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. అప్పుడు ఆమె, పసిగుడ్డుగా ఉన్నప్పుడు నిన్ను గుండెకి హత్తుకున్నాను అంటుంది. మన దగ్గర ‘నవమాసాలు మోసి కన్నాను’ అంటే ఇంక ఎదురు మాట ఉంటుందా? అక్కడా అంతే. అతనికి మళ్లీ ఆ వికారమే వస్తుంది, పూల్ రూమ్ అబద్ధాల తర్వాత వచ్చినలాంటిదే. బెలో వుడ్‌లో పోరాడొచ్చిన మనిషి చిన్నపిల్లాడి గొంతుతో, మంచి అబ్బాయిగా ఉండటానికి ప్రయత్నిస్తా మమ్మీ, అంటాడు. మూడో అబద్ధం ఇదే, ఓటమి ఇదే. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేద్దామంటే కూర్చుంటాడు, ప్రార్థన మాత్రం చేయలేనంటాడు. అమ్మ చేస్తుంది. శరీరం వంగింది, నోరు వంగలేదు. ఆ కాస్త మిగుల్చుకున్నాడు.

ఇక్కడ మీరు జాగ్రత్తగా ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి.

అమ్మని విలన్ చేయొద్దు. కారు ఇప్పించింది ఆమె, వేడిగా వండిపెట్టింది ఆమె. తన తండ్రి అమెరికా అంతర్యుద్ధం గురించి చెప్పినవి విని, యుద్ధానికి వెళ్లిన మగపిల్లలకి ఎలాంటి ప్రలోభాలుంటాయో తెలుసు అనుకుంటుంది, నిజంగానే కొడుకు కోసం రోజూ ప్రార్థిస్తుంది. ఆమెకి ఓపిక లేనిది ఒక్కదానికే, వినడానికి. కొడుకు మంచంమీద ఉండగానే వచ్చి యుద్ధం గురించి చెప్పమంటుంది, అతను చెబుతుంటే ధ్యాస ఎటో పోతుంది. ఇది కథ మొదట్లోనే ఒక్క వాక్యంలో వస్తుంది, చాలామంది దాటిపోతారు. టిఫిన్ సీన్‌కి విత్తనం అక్కడే పడింది.

పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవాల తర్వాత పట్టుకునే మానసిక రుగ్మత) అని ముద్ర వేసేయొద్దు. ఈ మధ్య పేపర్లు దిద్దితే పదింట్లో ఎనిమిదింట్లో ఇదే మాట కనబడేది. ఆ రోగనిర్ణయం అమెరికన్ మనోవైద్యుల పుస్తకంలోకి ఎక్కింది 1980లో. మొదటి ప్రపంచ యుద్ధం నాటి మాట షెల్ షాక్. పేరు తర్వాత వచ్చినంత మాత్రాన లక్షణాలు లేవని కాదు, నిజమే, కానీ కథలో ఏముందో చూడండి. క్రెబ్స్‌కి పీడకలలు వచ్చినట్టు రాయలేదు, చేతులు వణకవు, హాయిగా పొద్దెక్కేదాకా నిద్రపోతాడు, యుద్ధం పేరెత్తితే పారిపోవడానికి బదులు దాని చరిత్ర ఇష్టంగా చదువుతాడు. అతనిలో ఏదో మొద్దుబారిందని మీరనొచ్చు, దానికి ఆధారాలున్నాయి. కానీ జబ్బు అని ఒక్క మాటలో తేల్చేస్తే తప్పంతా అతని బుర్రలోనే ఉన్నట్టు అవుతుంది, ఊరికీ ఇంటికీ క్లీన్ చిట్ ఇచ్చినట్టు అవుతుంది. హెమింగ్వే ఆ క్లీన్ చిట్ ఇవ్వలేదు.

క్రెబ్స్ అంటే హెమింగ్వే అని రాయొద్దు. పోలికలున్నాయి. హెమింగ్వే కూడా తిరిగొచ్చాక తల్లిదండ్రుల ఇంట్లో ఉద్యోగం లేకుండా ఉన్నాడు, 1920లో 21 ఏళ్లు నిండిన కొద్దిరోజులకే తల్లి అతన్ని వేసవి ఇంటి నుంచి వెళ్లిపొమ్మంది. కానీ అతను మెరీన్ కాదు, ఇటలీ యుద్ధరంగంలో రెడ్‌క్రాస్ అంబులెన్స్ విభాగంలో పనిచేస్తూ 1918 జులైలో గాయపడ్డాడు, 1919 జనవరిలోనే ఇంటికొచ్చాడు, అంటే స్వాగతాలు అందుకున్నవాళ్లలో ఒకడు. తన అనుభవాలకి కాస్త రంగులద్ది చెప్పిన అలవాటు అతనికీ ఉంది. క్రెబ్స్‌ని మాత్రం కావాలనే ఆలస్యంగా తెచ్చాడు. 1925లో కథ అచ్చయ్యేటప్పటికి అతను పారిస్‌లో ఉన్నాడు.

డబ్బు గురించి కథలో పెద్దగా మాట లేదు, అయినా స్వతంత్రం అన్నాక అది రాక తప్పదు. 1919లో ఇంటికి పంపేసిన అమెరికన్ సైనికుడికి చట్టప్రకారం చేతిలో పెట్టింది 60 డాలర్లు. చదువుకీ ఇంటికీ సాయం చేసే జీఐ బిల్ వచ్చింది 1944లో, ఆ తర్వాతి యుద్ధం సైనికుల కోసం. మధ్యలో 1924లో బోనస్ ఇస్తామని చట్టం చేశారు గానీ పూర్తి డబ్బు 1945లో అన్నారు, అది ఇప్పుడే ఇవ్వమని 1932లో మాజీ సైనికులు వాషింగ్టన్‌లో గుడారాలేసుకుంటే సైన్యం చేతే వెళ్లగొట్టించారు. కాబట్టి క్రెబ్స్ తినే ప్రతి ముద్ద నాన్న సంపాదనే. అతను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ మౌనంగా ఉండే హక్కు కూడా అతనిది కాదు.

ఈ సంగతి దగ్గర నా కాంటాక్ట్ క్లాసులో గొడవే అయింది ఒకసారి. ఒక రిటైర్డ్ సుబేదార్‌గారు క్రెబ్స్ మీద విరుచుకుపడ్డారు, నెల చాలదా, లేచి ఏదో ఒక పని చూసుకోవాలి గానీ అమ్మని ఏడిపించడమేంటి అని. పక్కనున్నాయన నెమ్మదిగా, సార్, మీరు పెన్షన్‌తో వచ్చారు, వీడు ఖాళీ జేబుతో వచ్చాడు అన్నారు. మన సైన్యంలో జవాన్‌కి 15 ఏళ్లు సర్వీసు చేస్తే పెన్షన్ ఉంటుంది, ఇంటికొచ్చాక నెలనెలా బ్యాంకులో పడే ఆ డబ్బు నాన్న ముందు తలెత్తుకునేలా చేస్తుంది. నాలుగేళ్లకే తిరిగొచ్చే అగ్నివీర్‌లకి పెన్షన్ లేదు, ఒక్కసారి ఇచ్చే సేవానిధి ఉంది. వాళ్లు చదివితే ఈ కథ ఇంకోలా అనిపిస్తుందేమో. ఇంకో తేడా కూడా చెప్పాలి. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊరు ఉంది, అక్కడ తరతరాలుగా సైన్యంలోకి వెళ్లడం మామూలు సంగతి, తిరిగొచ్చినవాడు చెప్పేది అర్థమయ్యే మనిషి పక్కింట్లోనే దొరుకుతాడు. క్రెబ్స్‌కి డాన్సు దగ్గర కాసేపు దొరికిన తోడు తప్ప అలాంటిది లేదు.

చివరి పేరాకి వద్దాం. జీవితం చిక్కులు లేకుండా ఉంచుకోవాలని చూశాను, ఇదేదీ నన్ను తాకలేదు అనుకుంటాడు క్రెబ్స్. వెంటనే, అమ్మ మీద జాలిపడ్డాను, ఆమె నాచేత అబద్ధమాడించింది అనుకుంటాడు. తాకనేలేదంటే ఆ రెండో మాట ఎందుకొచ్చింది? అందుకే గెలుపు అని ఒప్పుకోలేను. కాన్సాస్ సిటీకి వెళ్లి ఉద్యోగం చూసుకుంటాను, అమ్మ సంతోషిస్తుంది అనుకుంటాడు, అంటే వెళ్లడానికి కూడా అమ్మకి నచ్చే కారణమే దొరికింది. పైగా కథ ముగిసేసరికి అతను ఇంకా రైలెక్కలేదు, అనుకున్నాడు, అంతే.

దీనికి ఎదురు వాదన ఉంది, అది కూడా రాయండి. కథ చివర అతను వెళ్లేది నాన్న ఆఫీసుకి కాదు, చెల్లెలు హెలెన్ ఇండోర్ బేస్‌బాల్ ఆడుతుంటే చూడటానికి స్కూల్ గ్రౌండ్‌కి. హెలెన్ కూడా పొద్దున అదే ప్రశ్న వేసింది, నేనంటే ఇష్టమేనా, ఎప్పటికీ ఇష్టమేనా అని. ఊ అన్నాడు, సరే అన్నాడు. ఆట చూడటానికి వస్తావా అంటే మాత్రం ‘చూద్దాం’ అన్నాడు, చేయగలిగినదానికే మాట ఇవ్వాలన్నట్టు. చెల్లెలు అడిగింది అబద్ధం లేకుండా తీర్చగల కోరిక, వచ్చి కూర్చుని చూస్తే చాలు, మాట్లాడక్కర్లేదు. అక్కడికి తనంతట తను వెళ్తున్నాడు కాబట్టి ఇది చిన్న గెలుపు అనేవాళ్లున్నారు. హెలెన్ కూడా ‘ప్రేమ ఉంటే వస్తావు’ అనే బేరమే పెట్టింది కదా, అదీ అమ్మ పద్ధతే అనేవాళ్లూ ఉన్నారు. నేను మొదటివాళ్ల వైపు కాస్త మొగ్గుతాను, ఎందుకంటే ‘చూద్దాం’ అన్నది ‘వెళ్తాను’గా మారడానికి ఎవరూ అతని ముందు ఏడవలేదు.

రాసేటప్పుడు మొదటి పేజీలోని రెండు ఫొటోల్ని కావాలంటే ప్రారంభానికి వాడుకోండి: కాలేజీ ఫొటోలో అందరి కాలర్లూ ఒకే ఎత్తు, ఒకే తీరు, గుంపులో ఒకడు, రైన్ దగ్గర ఫొటోలో యూనిఫాం అతనికి బిగుతైపోయింది, పక్కనున్న జర్మన్ అమ్మాయిలు అందగత్తెలు కారు, రైన్ నది అసలు ఫొటోలో పడనేలేదు. ఇంటికొచ్చి చెప్పుకోవాల్సిన కథకీ జరిగినదానికీ ఎంత దూరమో ఆ రెండో ఫొటోలోనే ఉంది. తర్వాత మూడు అబద్ధాలు వరసగా, కారు, టిఫిన్ సీన్, ఆపైన మీ తీర్పు. తీర్పు నాలాగే ఉండక్కర్లేదు, కథలోంచి ఆధారం చూపిస్తే గెలిచాడన్నా మార్కులొస్తాయి. పరీక్ష హాల్లో టైమ్ చాలదు అనిపిస్తే ఫొటోలూ, హెమింగ్వే జీవితమూ వదిలేయండి, కారునీ ఆ ‘లేదు’నీ మాత్రం వదలొద్దు.